తాళం వేసే మనిషి

(ఆటస్థలాల కథలు – 7)

పోయిన వారం రాసింది చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఆటను కూడా వదలవా? ఆటలో రాజకీయం ఎందుకన్నా?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే అడిగాడు. ఫోన్లో ఏదో చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. ఈ భాగం అతనికి జవాబు అనుకోండి. కాస్త పెద్దది. తీరిగ్గా చదవండి.

1997 మే 12, సోమవారం. ఉత్తర ఐర్లండ్‌లో డెరి కౌంటీలోని బెలాహి అనే చిన్న ఊరు. రాత్రి పొద్దుపోయాక, ఊరి గేలిక్ ఆటల క్లబ్ గేటుకు ఒకాయన తాళం వేస్తున్నాడు. పేరు షాన్ బ్రౌన్. 61 ఏళ్లు. ఆరుగురు పిల్లల తండ్రి. ఆ క్లబ్ చైర్మన్.

చైర్మన్ అనగానే మన కళ్లముందు కుర్చీ, దండలు, వెనకాల నలుగురు మనుషులు కనిపిస్తారు. అక్కడ చైర్మన్ అంటే అందరూ ఇళ్లకు పోయాక లైట్లు ఆర్పి తాళం వేసేవాడు కూడా. పైసా జీతం ఉండదు. బెలాహి లాంటి ఊళ్లలో ఇలాంటి మనుషులు ఇప్పటికీ వందల మంది ఉన్నారు. చిన్నప్పుడు ఆ గ్రౌండ్‌లో ఆడతారు. మోకాళ్లు అరిగాక పిల్లలకు కోచింగ్ ఇస్తారు. తర్వాత కమిటీ, గడ్డి కోయడం, టికెట్లు చింపడం, చందాలు వసూలు చేయడం. పుట్టిన ఊరి క్లబ్‌లోనే ముసలివాళ్లవుతారు.

ఆ గేటు దగ్గరే షాన్ బ్రౌన్‌ను పట్టుకున్నారు. కొట్టి, ఆయన కారులోనే వేసుకుని ఆంట్రిమ్ కౌంటీలోని రాండల్స్‌టౌన్ దగ్గరికి తీసుకుపోయి కాల్చి చంపారు. కారును తగలబెట్టారు. చంపింది లాయలిస్ట్ వాలంటీర్ ఫోర్స్ అనే సాయుధ ముఠా. బ్రిటన్‌తోనే కలిసి ఉండాలి, అందుకు తుపాకీ పట్టినా తప్పులేదు అనే ప్రొటెస్టెంట్ తీవ్రవాదుల గుంపు అది. ఈ హత్యకు ఈరోజు వరకూ ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఆయన ఏ సాయుధ సంస్థ మనిషీ కాదు. మరి ఆయన్నే ఎందుకు చంపారు? ఆ గేటుకు తాళం వేసేవాడు కాబట్టి. అంతకన్నా కారణం అక్కర్లేకపోయింది. ఆ గేటు వెనక ఏముందో తెలియాలంటే మనం 113 ఏళ్లు వెనక్కి పోవాలి.

1884 నవంబర్ 1. టిప్పరేరి కౌంటీ, థర్లెస్ పట్నం, హేస్ హోటల్. మైకేల్ క్యూసాక్ అనే స్కూలు మాస్టారు పిలుపు మీద కొద్దిమంది సమావేశమయ్యారు. ఏడుగురని సాధారణంగా చెబుతారు. ఆ రోజు పుట్టిందే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. అందరూ జీఏఏ అంటారు, మనమూ అలాగే అందాం.

అప్పటికి ఐర్లండ్ మొత్తం బ్రిటన్ పాలనలో ఉంది. పరుగుపందాలు, గెంతడాలు, విసరడాలు అన్నీ పెద్దింటి దొరల చేతుల్లో ఉండేవి. 'అమెచ్యూర్' అన్న మాట విన్నాం కదా, డబ్బు కోసం కాకుండా సరదాకి ఆడేవాడు అని. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ 1860ల్లో ఇంగ్లండ్‌లో అమెచ్యూర్ అథ్లెటిక్స్ నిబంధనలు రాసినప్పుడు మెకానిక్, చేతిపనివాడు, కూలీ పోటీకి పనికిరారని కూడా రాసుకున్నారు. పరుగులో ఓడిపోతామన్న భయం ఉన్నవాడు గీత దగ్గరే ఆపేశాడన్నమాట. ఈ తర్కం మనకు కొత్తా? నేను దీనిమీద ఇంకేం రాయను, మీకే తెలుసు.

క్యూసాక్ కోపం అదే. సామాన్యుడికి సెలవు దొరికేది ఆదివారం. దొరల పద్ధతిలో ఆదివారం ఆటలు లేవు. జీఏఏ ఆదివారమే ఆడించింది. ఈ ఆదివారం గొడవ ఎంత దూరం పోయిందంటే, 80 ఏళ్ల తర్వాత 1960ల్లో కూడా బెల్‌ఫాస్ట్ నగరంలో ఆదివారం వస్తే పిల్లల పార్కుల్లో ఉయ్యాలలకు గొలుసులు వేసేవారు. ప్రభువు దినం నాడు ఊగకూడదట.

ఆ ఆటలేమిటో కూడా చెప్పాలి. రెండు ముఖ్యం. హర్లింగ్ అంటే ఒక రకం బూడిదచెట్టు కర్రతో, చివర వెడల్పుగా చెక్కిన బ్యాటు లాంటిదానితో, చిన్న తోలుబంతిని గాల్లోనే కొట్టే ఆట. చూస్తుంటే గుండె ఆగినట్టుంటుంది, అంత వేగం. రెండోది గేలిక్ ఫుట్‌బాల్. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. ఒక్కో జట్టుకు 15 మంది. గోల్‌పోస్టు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డకర్ర పైనుంచి పోతే మామూలుగా 1 పాయింటు, కిందనుంచి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. స్కోరు 1-12 అని రాస్తే ఒక గోల్, 12 పాయింట్లు, మొత్తం 15 అని లెక్క. ఆడవాళ్లు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు, దాని సంఘం 1904లో పుట్టింది. ఆడవాళ్ల ఆటలకు నేటికీ వేరే సంఘాలే. 140 ఏళ్లు గడిచాక ఇప్పుడు ఒక గూటికి తెచ్చే పని నడుస్తోంది.

క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఆడినవాడు కూడా సోమవారం పొద్దున్నే బడిపంతులుగానో, వడ్రంగిగానో, రైతుగానో పనిలోకి పోవాల్సిందే. ఆడినందుకు జీతం లేదు. వేలం పాటలూ లేవు. ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి క్లబ్, ఆ కౌంటీ జెర్సీ.

ప్రభుత్వానికి ఇది మొదటినుంచీ కంట్లో నలుసే. 1918లో ఆటలాడాలంటే పర్మిట్ తీసుకోమన్నారు. జీఏఏ పర్మిట్ అడగలేదు. ఆగస్టు 4, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు దేశమంతా ఒకేసారి గ్రౌండ్లలోకి దిగింది. సుమారు 54 వేల మంది ఆడారని లెక్క. అంతమందిని ఎక్కడని అరెస్టు చేస్తారు? రెండేళ్ల తర్వాత, 1920 నవంబర్ 21న, డబ్లిన్ క్రోక్ పార్క్‌లో టిప్పరేరి–డబ్లిన్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. ఆ పొద్దున ఐఆర్ఏ వాళ్లు నగరంలో బ్రిటిష్ గూఢచారులను చంపారు, దానికి ప్రతీకారం. 14 మంది చనిపోయారు. అందులో పదేళ్ల పిల్లాడున్నాడు. టిప్పరేరి ఆటగాడు మైకేల్ హోగన్ ఉన్నాడు. ఈరోజు ఆ స్టేడియంలో కప్పు అందించే వైపు స్టాండుకు హోగన్ పేరే.

1921లో దేశం చీలింది. 26 కౌంటీలు తర్వాత స్వతంత్ర ఐర్లండ్ అయ్యాయి. ఈశాన్యంలోని 6 కౌంటీలు బ్రిటన్ కింద ఉత్తర ఐర్లండ్‌గా మిగిలాయి. అక్కడ ప్రొటెస్టెంట్లు మెజారిటీ, కేథలిక్కులు మైనారిటీ. ఇళ్ల కేటాయింపులో వివక్ష, ఉద్యోగాల్లో వివక్ష. స్థానిక ఎన్నికల్లో వార్డుల గీతలు ఎలా గీశారంటే, డెరి నగరంలో కేథలిక్కులు ఎక్కువ ఉన్నా కౌన్సిల్ ప్రొటెస్టెంట్ల చేతిలోనే ఉండేది. పోలీసు శాఖలో నూటికి 90 మందికి పైగా ప్రొటెస్టెంట్లే. దేశం చీలినా జీఏఏ మాత్రం చీలలేదు. 32 కౌంటీలకూ ఒకటే సంఘం, ఒకటే కప్పు. ఉత్తరాది కేథలిక్కుకు పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, జెర్సీ వేసుకుంటే తను మొత్తం ఐర్లండ్ మనిషి. 1960లో డౌన్ కౌంటీ జట్టు ఫైనల్లో కెర్రీని ఓడించి, శామ్ మెగ్వైర్ కప్పును మొదటిసారి ఆ సరిహద్దు దాటించి ఉత్తరానికి తెచ్చింది. ఆ కప్పుకు పేరున్న శామ్ మెగ్వైర్ ప్రొటెస్టెంటు. అడిగేవాళ్లుంటారని ముందే చెబుతున్నాను.

ఇప్పుడు ఒక మనిషి జీవితం పట్టుకుని నడుద్దాం. పేరు జో కెర్నన్. ఊరు క్రాస్‌మగ్లెన్, దక్షిణ అర్మా, సరిహద్దు పక్కనే. 1960ల చివర్లో ఉత్తర ఐర్లండ్ భగ్గుమంది. అప్పటినుంచి 1998 ఒప్పందం దాకా 3,500 మందికి పైగా చనిపోయారు. ఐఆర్ఏ ఒకవైపు, లాయలిస్ట్ ముఠాలు ఒకవైపు, బ్రిటిష్ సైన్యం, పోలీసులు ఒకవైపు. క్రాస్‌మగ్లెన్ సైన్యానికి అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. అక్కడ చాలామంది సైనికుల ప్రాణాలు పోయాయి. రోడ్డు మీద తిరగలేక సైన్యం హెలికాప్టర్లలో తిరిగేది. ఆ హెలికాప్టర్లు దిగడానికి స్థలం కావాలి. ఊరి క్లబ్ క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ గ్రౌండ్ సైనిక స్థావరానికి ఆనుకునే ఉంది. 1971లో అందులో కొంత భాగాన్ని సైన్యం తీసేసుకుంది.

ఊహించుకోండి. ఒకవైపు గోల్‌పోస్టు, వెనకాల నిఘా గోపురం. కుర్రాడు బంతి తన్నబోతుంటే నెత్తిమీద హెలికాప్టర్. ఊరంతా కలిసి చదును చేసుకున్న నేల మీద సైనిక బూట్లు. క్లబ్ వాళ్లు కోర్టులకు తిరిగారు, రాజకీయ నాయకుల చుట్టూ తిరిగారు, ఏళ్లూ పూళ్లూ తిరిగారు. ఒక్క పనిమాత్రం మానలేదు. ఆదివారం వస్తే ఆడారు.

కెర్నన్ ఆ గ్రౌండ్ కుర్రాడు. 1977లో అర్మా జట్టు ఆల్ ఐర్లండ్ ఫైనల్‌కు చేరింది. కెర్నన్ 2 గోల్స్ కొట్టాడు. అయినా డబ్లిన్ చేతిలో 5-12కి 3-6తో చిత్తుగా ఓడారు. ఓడినవాళ్లకిచ్చిన జ్ఞాపికను ఇంట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఊరి క్లబ్‌కు మేనేజరై 1997, 1999, 2000ల్లో ఆల్ ఐర్లండ్ క్లబ్ చాంపియన్లను చేశాడు. సైనిక స్థావరం నీడలో ఆడిన ఒక పల్లె క్లబ్ నాలుగేళ్లలో మూడుసార్లు దేశం మొత్తానికి చాంపియన్! తర్వాత కౌంటీ జట్టు ఆయన చేతికొచ్చింది. 2002 ఫైనల్, ప్రత్యర్థి కెర్రీ. సగం ఆట అయ్యేసరికి అర్మా 4 పాయింట్లు వెనక. డ్రెస్సింగ్ రూంలో కెర్నన్ సంచిలోంచి ఆ 1977 జ్ఞాపికను తీసి, కుర్రాళ్లకు చూపించి, గోడకేసి కొట్టాడు. పగిలిపోయింది. పాతికేళ్లు దాచుకున్న ఓటమి అది. రెండో సగంలో అర్మా తిరగబడి 1-12కి 0-14తో, ఒక్క పాయింటుతో గెలిచింది. ఆ కౌంటీకి అదే మొదటి కప్పు. 2007 నాటికి సైన్యం క్రాస్‌మగ్లెన్ వదిలి వెళ్లిపోయింది. ఆ ఏడు క్లబ్ కప్పు మళ్లీ రేంజర్స్‌దే.

ఇక్కడితో ఆపేస్తే ఇది గొప్ప గెలుపు కథ. షేర్ చేసుకోవచ్చు. కానీ ఆ గ్రౌండ్ల చుట్టూ ఇంకా చాలా జరిగింది, అవి దాటేసి పోలేను.

1988 ఫిబ్రవరి 21. టిరోన్ కౌంటీ, ఆక్నక్లాయ్ సరిహద్దు చెక్‌పోస్టు. ఏడన్ మకానెస్పీ అనే 23 ఏళ్ల కుర్రాడు ఊరి గ్రౌండ్‌లో మ్యాచ్‌కు నడిచిపోతున్నాడు. చెక్‌పోస్టు దాటాక, కాపలా గదిలోని మెషిన్ గన్ నుంచి వచ్చిన తూటా వీపులో దిగింది. చేతులు తడిగా ఉండి ట్రిగ్గర్ జారిందన్నాడు సైనికుడు. ఆ సైనికుడికి శిక్ష ఖాయం కావడానికి 2022 దాకా పట్టింది. మూడేళ్ల శిక్ష వేశారు, దాన్నీ సస్పెండ్ చేశారు. ఒక్కరోజు కూడా జైలు లేదు.

నాలుగు వారాలైనా కాలేదు. 1988 మార్చి 19, బెల్‌ఫాస్ట్. ఐఆర్ఏ వాళ్ల శవయాత్రలోకి ఇద్దరు బ్రిటిష్ సైనికులు మామూలు బట్టల్లో కారులో వచ్చి ఇరుక్కుపోయారు. జనం వాళ్లను కారులోంచి లాగి, పక్కనే ఉన్న కేస్‌మెంట్ పార్క్‌లోకి ఈడ్చుకుపోయి, బట్టలూడదీసి కొట్టారు. తర్వాత దగ్గర్లోని ఖాళీ స్థలంలో ఐఆర్ఏ వాళ్లు కాల్చి చంపారు. కేస్‌మెంట్ పార్క్ అంటే బెల్‌ఫాస్ట్‌లో జీఏఏ ప్రధాన గ్రౌండ్. ఏడన్‌ను తలుచుకునేవాళ్లు ఈ ఇద్దరినీ తలుచుకోకుండా దాటిపోతే నేను ఒప్పుకోను. ఆ గడ్డి మీద ఆ రెండు శరీరాల నెత్తురు కూడా ఉంది.

1991లో ఒక లాయలిస్ట్ సంస్థ జీఏఏ వాళ్లందరూ తమకు టార్గెట్లేనని బహిరంగంగా ప్రకటించింది. అంటే రిఫరీ, కోచ్, గడ్డి కోసేవాడు, టీ కాచే ఆమె, అందరూ. బెల్‌ఫాస్ట్ శివారు గ్లెన్‌గోర్మ్లీలో సెయింట్ ఎండాస్ క్లబ్ ఉంది. దాన్ని ఎన్నిసార్లు తగలబెట్టారో! 1993లో ఆ క్లబ్ అధ్యక్షుడు, 72 ఏళ్ల ముసలాయన్ని ఇంట్లో చంపారు. 1997 డిసెంబర్‌లో టీమ్ మేనేజర్‌ను క్లబ్ గేటు దగ్గరే కాల్చేశారు. షాన్ బ్రౌన్ పోయి అప్పటికి ఏడు నెలలు. మళ్లీ గేటే.

ఇప్పుడు నేను రాయడానికి ఇష్టపడని చోటికి వచ్చాను. తమ్ముడు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు కూడా ఇక్కడే ఉంది. దెబ్బ తిన్నవాళ్లు కట్టుకున్న గోడ ఇంటివాళ్లనే ఎలా బయట పెట్టింది?

జీఏఏకు తనవైన నిషేధాలుండేవి. ఒకటి 27వ రూలు. జీఏఏ మనిషి సాకర్, రగ్బీ, క్రికెట్, హాకీ లాంటి పరాయి ఆటలు ఆడకూడదు, చూడకూడదు. ఎవరు చూస్తున్నారో కనిపెట్టడానికి నిఘా కమిటీలు! 1938లో ఐర్లండ్ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్, జీఏఏకే పోషకుడు, ఐరిష్ భాష కోసం జీవితమంతా ఇచ్చిన ప్రొటెస్టెంటు, దేశాధ్యక్షుడి హోదాలో పోలండ్‌తో సాకర్ మ్యాచ్‌కు వెళ్లాడు. అంతే, ఆయన్నే తీసేశారు. ఈ రూలు 1971లో పోయింది. రెండోది 21వ రూలు. బ్రిటిష్ సైన్యంలో, ఉత్తర ఐర్లండ్ పోలీసుల్లో పనిచేసేవాళ్లకు జీఏఏలో చోటు లేదు.

రెండో రూలు ఎందుకు పెట్టారో అర్థం చేసుకోగలను. చెక్‌పోస్టులో బ్యాగు విప్పించి, జెర్సీ రోడ్డు మీద పారేసే మనిషి ఆదివారం పక్కన నిలబడి ఆడతానంటే ఎవడు ఒప్పుకుంటాడు? ఒకటి మాత్రం చూడండి. 1884లో హేస్ హోటల్‌లో కూర్చున్న ఆ కొద్దిమందిలో థామస్ సెయింట్ జార్జ్ మెకార్తీ ఒకడు. ఆయన ఉద్యోగం పోలీసు ఇన్‌స్పెక్టర్! పైగా ఐర్లండ్ తరఫున రగ్బీ ఆడినవాడు. తర్వాత వచ్చిన రూళ్ల ప్రకారం సంఘాన్ని పుట్టించినవాళ్లలో ఒకడు రెండు విధాలా అనర్హుడు. ఆయన 1943లో చనిపోతే సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు. జీఏఏ 2009లో పెట్టింది.

1998లో శాంతి ఒప్పందం. ఆ ఒప్పందం వెంటే పోలీసు శాఖ మార్పు. 2001 నవంబర్‌లో పాత శాఖ పోయి ఉత్తర ఐర్లండ్ పోలీస్ సర్వీస్ వచ్చింది. కొత్తగా తీసుకునేవాళ్లలో సగం మంది కేథలిక్కులు, సగం మంది మిగతావాళ్లు అని చట్టం చేశారు. రిజర్వేషన్ అన్న మాట వాడలేదు, పని మాత్రం అదే. మెరిట్ ఏమైపోతుంది అని అక్కడ కూడా గోల చేశారు. పదేళ్లలో కేథలిక్కుల వాటా సుమారు 8 శాతం నుంచి 30 శాతం దగ్గరికి వచ్చింది. మెరిట్‌కు ఏమీ కాలేదు.

అదే నవంబర్‌లో జీఏఏ ప్రత్యేక మహాసభ 21వ రూలును ఎత్తేసింది. దక్షిణాది కౌంటీల బలంతో అది గెలిచింది. ఉత్తరాన 6 కౌంటీల్లో డౌన్ తప్ప మిగతావి వ్యతిరేకించాయి. తిన్న దెబ్బలు వాళ్లవి. దూరాన ఉన్నవాళ్లకు క్షమించడం తేలిక. ఆ వ్యతిరేకతను నేను తప్పుపట్టలేను, అలాగని ఆ రూలు ఉండాల్సిందని అననూ లేను.

పాడర్ హెఫ్రన్ అప్పుడు కుర్రాడు. కేథలిక్కు. ఐరిష్ భాష మాట్లాడేవాడు. రాండల్స్‌టౌన్ పక్కన క్రెగన్ కిక్‌హామ్స్ క్లబ్ ఆటగాడు. 2002లో పోలీసుల్లో చేరాడు. రూలు పుస్తకంలో తలుపు తెరిచారు కదా. కానీ చేరాక సొంత క్లబ్ మనుషులే తనను దూరం పెట్టారని ఆయన తర్వాత బయటికి చెప్పుకున్నాడు. చిన్నప్పటినుంచి కలిసి ఆడినవాళ్లు. ఆ క్లబ్‌కు మళ్లీ ఆడలేదు. కొత్త పోలీసు శాఖ సొంత గేలిక్ జట్టు పెట్టుకుంది, దానికి కెప్టెన్ అయ్యాడు. ఆ జట్టు దక్షిణాది పోలీసులతో ఆడే పోటీ కప్పు పేరేంటో తెలుసా? మెకార్తీ కప్పు. హేస్ హోటల్ ఇన్‌స్పెక్టర్ పేరే.

2010 జనవరి 8. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరాడు. రాండల్స్‌టౌన్ దగ్గర కారు కింద బాంబు పేలింది. శాంతి ఒప్పందాన్ని ఒప్పుకోని రిపబ్లికన్ ముఠా పని. ప్రాణం దక్కింది, కాలు పోయింది.

రాండల్స్‌టౌన్. షాన్ బ్రౌన్ శవం దొరికింది ఆ ఊరి దగ్గరే. అటువైపు వాళ్లు ఒక గేలిక్ మనిషిని చంపిన చోటికి దగ్గర్లోనే, ఇటువైపు వాళ్లం అని చెప్పుకునేవాళ్లు ఇంకో గేలిక్ మనిషి కాలు తీశారు. నేను మ్యాప్ పెట్టుకుని ఈ రెండు తేదీలూ రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

2011 ఏప్రిల్ 2. టిరోన్ కౌంటీ, ఓమా పట్నం. రోనన్ కెర్, 25 ఏళ్లు, కేథలిక్కు, కొత్తగా చేరిన పోలీసు, బెరా రెడ్ నైట్స్ క్లబ్ సభ్యుడు. మళ్లీ కారు కింద బాంబు. ఈసారి చనిపోయాడు. అయితే ఈసారి ఊరి క్లబ్ ముఖం తిప్పుకోలేదు. శవపేటికను క్లబ్ వాళ్లు మోశారు. టిరోన్ మేనేజర్ మికీ హార్ట్ భుజం పట్టాడు. వాళ్ల భుజాల మీదినుంచి పేటిక యూనిఫామ్ వేసుకున్న పోలీసుల భుజాల మీదికి మారింది. పదేళ్ల కిందటి దాకా ఈ ఇద్దరూ ఒక సంఘంలో ఉండటానికి రూలు ఒప్పుకునేది కాదు. ప్రొటెస్టెంట్ల అతిపెద్ద పార్టీ నాయకుడు, ప్రభుత్వాధినేత పీటర్ రాబిన్సన్ ఆ చర్చిలోకి వచ్చి కూర్చున్నాడు. జీవితంలో ఆయన కేథలిక్ ప్రార్థనకు రావడం అదే మొదటిసారి. కేథలిక్ పిల్లలు పోలీసుల్లో చేరడం ఆపొద్దని ఆ తల్లి అడిగింది. కొడుకు పోయిన రెండో రోజో మూడో రోజో.

ఫెర్మనా కౌంటీలో ఇంకొక ఆటగాడున్నాడు, పేరు రాయను. ప్రొటెస్టెంటు. పసితనంలోనే తండ్రినీ, తండ్రి అన్నదమ్ములిద్దరినీ ఐఆర్ఏ చంపింది. వాళ్లు స్థానిక సైనిక దళంలో పనిచేసేవారు. అయినా ఈ కుర్రాడు గేలిక్ ఫుట్‌బాల్‌నే ప్రేమించాడు, కౌంటీకి ఆడాడు. మ్యాచుల్లో మతం పేరుతో బూతులు తిట్టేవారు. 2007లో ఇక నావల్ల కాదని వదిలేశాడు. గొడవయ్యాక క్షమాపణ చెప్పారు, తిరిగి వచ్చి ఆడాడు. తిట్టింది ఎవరు? తరతరాలుగా తిట్లు తిన్నవాళ్ల పిల్లలే. నేను ఏ గ్రౌండ్‌లోనూ పెద్దగా ఆడినవాణ్ణి కాదు, చిన్నప్పుడు బయట నిలబడి బంతి అవతలికి వస్తే విసిరినవాణ్ణి. బహుశా అందుకే ఈ కుర్రాడి గురించి చదివినప్పుడు, గెలిచిన కప్పుల లెక్కలన్నీ కాసేపు మర్చిపోయాను.

2020లో ప్రొటెస్టెంట్ల కోట లాంటి తూర్పు బెల్‌ఫాస్ట్‌లో ఒక జీఏఏ క్లబ్ మొదలైంది. రెండు మతాల వాళ్లూ ఆడతారు. చిహ్నం మీద ఓడల కర్మాగారం క్రేన్లున్నాయి. ఇంగ్లిష్, ఐరిష్, అల్‌స్టర్ స్కాట్స్ మూడు భాషల్లో 'కలిసి' అని రాసుకున్నారు. అధ్యక్షురాలు లిండా ఎర్విన్, ఐరిష్ భాష నేర్పే ప్రొటెస్టెంటు మహిళ. మొదటి ఏడాదే గ్రౌండ్‌లో బాంబు ఉందని బెదిరింపులు వచ్చాయి. మానలేదు, ఆడుతున్నారు.

జీఏఏ ప్రస్తుత అధ్యక్షుడు జార్లత్ బర్న్స్‌ది దక్షిణ అర్మాలోని సిల్వర్‌బ్రిడ్జ్. క్రాస్‌మగ్లెన్‌కు దగ్గరి ఊరు. 1999లో అర్మాకు కెప్టెన్‌గా అల్‌స్టర్ కప్పు ఎత్తినవాడు. తర్వాత బెస్‌బ్రుక్‌లో హైస్కూల్ ప్రిన్సిపాల్. 1976 జనవరిలో కింగ్స్‌మిల్ దగ్గర వ్యాను ఆపి, మతం అడిగి, 10 మంది ప్రొటెస్టెంట్ మిల్లు కార్మికులను కాల్చి చంపారు కదా, వాళ్లలో ఎక్కువమందిది బెస్‌బ్రుక్కే. అలాంటి ఊళ్లో పిల్లలకు పాఠం చెప్పడం అంటే ఏమిటో ఆలోచించండి. 2024 జులైలో అర్మా రెండోసారి ఆల్ ఐర్లండ్ గెలిచింది. కప్పు అందించింది బర్న్స్. గెలిచిన జట్టులో ఆయన కొడుకు ఉన్నాడు. మేనేజర్ కీరన్ మెగీనీ, 2002లో కెర్నన్ జట్టుకు కెప్టెన్.

మరి బెలాహి?

షాన్ బ్రౌన్ మరణ విచారణ 26 ఏళ్లు సాగి సాగి 2023లో మొదలైంది. 2024లో ఆగిపోయింది. దేశ భద్రత పేరుతో కాగితాలు దాచేస్తే ఇక నేను విచారించలేను అన్నాడు విచారణాధికారి. ఆ హత్యతో నిఘా సమాచారం ప్రకారం 25 మందికి పైగా సంబంధం ఉందనీ, వాళ్లలో ప్రభుత్వ ఏజెంట్లు కూడా ఉన్నారనీ అప్పుడే బయటపడింది. అంటే గేటు దగ్గర కాపు కాసినవాళ్లలో ప్రభుత్వం జీతమిచ్చినవాళ్లున్నారా? ఆ కుటుంబం అడిగేది అదే. బహిరంగ విచారణ జరపాల్సిందేనని 2025 ఏప్రిల్‌లో బెల్‌ఫాస్ట్ అప్పీలు కోర్టు చెప్పింది. బ్రిటన్ ప్రభుత్వం సుప్రీం కోర్టుకు వెళ్లింది.

2025 మేలో బెలాహిలో వేలమంది నడిచారు. షాన్ బ్రౌన్ భార్య బ్రైడీకి అప్పటికి 87 ఏళ్లు. జీఏఏ అధ్యక్షుడు బర్న్స్ కూడా ఆ నడకలో ఉన్నాడు. 28 ఏళ్ల కింద ఆమె భర్త గేటుకు తాళం వేసి ఇంటికి రావాల్సిన రాత్రి గురించే ఆ ముసలావిడ ఇంకా అడుగుతోంది. వాళ్లను ఎవరు పంపారు? ఎవరికి ముందే తెలుసు?

వచ్చే భాగంలో కేస్‌మెంట్ పార్క్. 2013 నుంచి మూతపడి, గడ్డి మొలిచి, రాజకీయాల్లో నలుగుతున్న గ్రౌండ్. తమ్ముడూ, నువ్వు అది కూడా చదివాక ఫోన్ చెయ్యి.